నార్మల్‌ అంటే ఎవరి కొలత?

మెడికల్‌లో ‘అన్‌ఫిట్‌’ అన్నారని ఒకరు, ‘ఇంకా సెటిల్‌ కాలేదా’ అన్నారని ఇంకొకరు... ఉద్యోగాల వేటలో ఉన్న కుర్రాళ్లని సిలబస్‌ కన్నా ఎక్కువగా కుంగదీసేది ‘నువ్వు అందరిలా లేవు’ అన్న మాట. ఆ ‘అందరిలా’ అనే కొలత ఎవరు పెట్టారు? దేనికోసం పెట్టారు? మార్చడానికి వీలుందా? ఈ మూడూ తెలుసుకుంటే సగం భారం దిగిపోతుంది.

పొద్దున్నే రావులపాలెం అరటి మార్కెట్‌ యార్డుకి వెళ్లి చూడండి. చుట్టుపక్కల లంకల నుంచి సైకిళ్ల మీద, ఆటోల్లో గెలలు దిగుతుంటాయి. కర్పూరం ఒక వరుస, చక్కెరకేళి ఒక వరుస, బొంత ఇంకో వరుస. వ్యాపారి వచ్చి గెలని అటూ ఇటూ తిప్పి, అత్తాలు లెక్కపెట్టి, కాయ లావు చూసి ఓ రేటు చెబుతాడు. శ్రావణమాసంలో, కార్తీకంలో మంచి ధర పలికిన గెలనే పూజలూ పెళ్లిళ్లూ లేని రోజుల్లో తక్కువకి అడుగుతారు. గెల మారలేదు. కొనేవాడి అవసరం మారింది. ఈ సంగతి ఇక్కడి రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. రేటు పడిపోయిన రోజున ‘మార్కెట్‌ బాలేదండీ’ అంటాడే తప్ప, తన తోటలో ఏదో లోపం ఉందనుకోడు.

అదే రైతు కొడుకు రాజమండ్రిలో కోచింగ్‌ కోసం కళా వెంకట్రావు సెంటర్‌లో బస్సెక్కుతాడనుకుందాం. రెండేళ్లు కష్టపడి రాత పరీక్ష గట్టెక్కుతాడు. తీరా వైద్య పరీక్షలోనో, ఎత్తు కొలిచేచోటో ఒక్క అంకె దగ్గర ఆగిపోతాడు. అప్పుడు ‘ఈ పోస్టుకి నేను సరిపోలేదు’ అనుకోడు. ‘నాలోనే ఏదో తేడా ఉంది’ అనుకుంటాడు. ఈ రెండు మాటలకీ చాలా దూరం ఉంది.

ఉద్యోగార్థులు ‘నార్మల్‌’ అనే మాటని మూడు చోట్ల వింటారు. ల్యాబ్‌ రిపోర్టులో, నోటిఫికేషన్‌లో, నలుగురి నోట. మూడింటినీ ఒకటే అనుకోవడంతోనే చిక్కంతా వస్తోంది. వీటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

ల్యాబ్‌ రిపోర్టులోని గడి

రక్తపరీక్ష చేయించుకుంటే రిపోర్టులో మీ అంకె పక్కన ఇంకో గడి ఉంటుంది. ఇంత నుంచి ఇంత వరకు నార్మల్‌ అని. మీ అంకె దాటితే లావు అక్షరాల్లోనో, ఓ చుక్కతోనో చూపిస్తారు. అది చూడగానే గుండె గుభేల్‌మంటుంది.

ఆ గడిలోని హద్దుల్ని ఎలా పెడతారు? చాలా పరీక్షలకి పద్ధతి ఒక్కటే. ఆరోగ్యంగా ఉన్న కొన్ని వందల మందికి ఆ పరీక్ష చేస్తారు. వచ్చిన అంకెల్ని వరుసలో పేర్చి, మధ్యలో ఉన్న 95 శాతాన్ని తీసుకుంటారు. కింద రెండున్నర శాతం, పైన రెండున్నర శాతం వదిలేస్తారు. అంటే ఏ జబ్బూ లేని మనుషుల్లోనే నూటికి అయిదుగురు లెక్క ప్రకారం ఆ గడికి బయట పడతారు.

ప్రాబబిలిటీ చదివినవాళ్లు ఇంకో మెట్టు వేసి చూడండి. ఒకదానితో ఒకటి సంబంధంలేని 20 పరీక్షల్ని పూర్తి ఆరోగ్యవంతుడికి చేస్తే, కనీసం ఒక్కటైనా హద్దు దాటే అవకాశం ఎంత? ఒకటిలోంచి 0.95 పవర్‌ 20 తీసేయండి. దాదాపు 64 శాతం వస్తుంది. ఇరవై పరీక్షల ప్యాకేజీలో అన్నీ ‘నార్మల్‌’ రాకపోవడానికే ఎక్కువ అవకాశమన్నమాట!

పైగా ఈ హద్దులు కూడా ఎప్పటికీ అలాగే ఉండిపోవు. 2017 నవంబరులో అమెరికా గుండె వైద్యుల సంఘాలు రక్తపోటు హద్దుని 140/90 నుంచి 130/80కి తగ్గించాయి. ఆ దేశంలో అప్పటిదాకా నూటికి 32 మంది పెద్దవాళ్లు బీపీ ఉన్నవాళ్ల లెక్కలో ఉండేవారు. కొత్త హద్దుతో ఆ సంఖ్య 46కి పెరిగింది. ముందురోజు రాత్రి మామూలు మనిషిగా పడుకున్నవాళ్లు తెల్లారేసరికి బీపీ ఉన్నవాళ్ల జాబితాలో చేరారు. వాళ్ల రక్తనాళాల్లో మాత్రం ఆ రాత్రి ఏమీ మారలేదు.

అలాగని రిపోర్టుని పక్కన పారేయమని కాదు. ఆ హద్దుని తగ్గించింది గుండెపోట్లు ముందుగా ఆపడానికి. హిమోగ్లోబిన్‌ ఏడుకి పడిపోయినప్పుడు ‘నార్మల్‌ అంటే ఏమిటి’ అని చర్చ పెట్టుకోకూడదు, డాక్టర్‌ దగ్గరికి వెళ్లాలి. ఆ గడి డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్న మాత్రమే, మీ మీద తీర్పు కాదు.

నోటిఫికేషన్‌లోని అంకె

ఇక రెండోది ఇంకా సూటిగా తగిలేది. ఏపీ పోలీసు నియామక మండలి 2022 నవంబరులో ఇచ్చిన కానిస్టేబుల్‌ నోటిఫికేషన్‌ చూడండి. పురుషుల ఎత్తు 167.6 సెంటీమీటర్లకి తగ్గకూడదు. ఛాతీ 86.3 సెంటీమీటర్లు, గాలి పీల్చినప్పుడు మరో 5 సెంటీమీటర్లు పెరగాలి. మహిళలకైతే ఎత్తు 152.5 సెంటీమీటర్లు.

ఈ 167.6 ఎక్కడి నుంచి వచ్చింది? చేతిలో ఉన్న ఫోన్‌లోనే లెక్క వేయండి. 66 అంగుళాలు. అంటే అయిదడుగుల ఆరంగుళాలు. 86.3 అంటే 34 అంగుళాలు. మహిళల అంకె అయిదడుగులు. అడుగులూ అంగుళాల కాలంలో ఎవరో గుండుగుత్తగా పెట్టిన అంకెని తర్వాత సెంటీమీటర్లలోకి మార్చారని చూస్తేనే తెలుస్తుంది. శరీరశాస్త్రంలో 167.6 దగ్గర గీత ఏమీ లేదు. 167 సెంటీమీటర్ల కుర్రాడు దొంగని పట్టుకోలేడనీ ఎవరూ అనరు. వేలమంది దరఖాస్తు చేసేచోట ఎక్కడో ఒకచోట గీత గీయాలి కాబట్టి గీశారు.

అదే నోటిఫికేషన్‌లో కొంచెం కిందికి వస్తే, ఏజెన్సీ ప్రాంత ఎస్టీ అభ్యర్థులకి ఎత్తు 160 సెంటీమీటర్లు, ఛాతీ 80 సెంటీమీటర్లు చాలు. ఉద్యోగం అదే, యూనిఫాం అదే, కొలతలు రెండు. ఇది సరైన నిర్ణయమే. ఆ ప్రాంతాల్లో అక్కడి భాష, అక్కడి దారులు తెలిసిన పోలీసులు కావాలి. ఆ అవసరం ముందు ఎత్తు అంకె దిగివచ్చింది. గీత గీసింది మనుషులే, అవసరాన్నిబట్టి జరిపిందీ మనుషులే.

కొన్ని గీతల్ని మాత్రం జరపకూడదు. అసిస్టెంట్‌ లోకో పైలట్‌ పోస్టునే తీసుకోండి. దానికి రైల్వేలో ఏ1 అనే వైద్య ప్రమాణం కావాలి. కళ్లజోడు లేకుండా రెండు కళ్లూ 6/6 ఉండాలి. రంగుల గుర్తింపు పరీక్ష నెగ్గాలి. లేసిక్‌ ఆపరేషన్‌ చేయించుకున్నా కుదరదు. ఎదురుగా కనిపించేది ఎర్ర సిగ్నలో పచ్చ సిగ్నలో తేల్చుకోలేకపోతే వెనకున్న వేయిమంది ప్రాణాలు పోతాయి. 1875 నవంబరులో స్వీడన్‌లోని లాగర్‌లుండా దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నాయి. డ్రైవర్‌కి రంగుల గుర్తింపు లోపం ఉండి ఉంటుందని హోల్మ్‌గ్రెన్‌ అనే శాస్త్రవేత్త వాదించాడు. నిజంగా కారణం అదేనా అని తర్వాతివాళ్లు సందేహించారు కానీ, రైల్వేల్లో రంగుల పరీక్ష తప్పనిసరి కావడానికి ఆ ప్రమాదం పెద్ద కారణమైంది. ఇప్పుడు మనం చూసే చుక్కల బొమ్మల పుస్తకాన్ని జపాన్‌ డాక్టర్‌ ఇషిహారా 1917లో తయారుచేశాడు.

ఈ లోపం ఎక్కువగా మగపిల్లల్లో ఉంటుంది. దానికి కారణమయ్యే జన్యువు ఎక్స్‌ క్రోమోజోమ్‌ మీద ఉండటమే కారణం. యూరప్‌ మూలాలున్న మగవాళ్లలో నూటికి సుమారు ఎనిమిది మందికి, ఆడవాళ్లలో రెండొందల మందిలో ఒకరికి ఉంటుంది. పరీక్ష చేయించుకునేదాకా చాలామందికి తెలియనే తెలియదు. తొమ్మిదో తరగతిలో చదివిన పరమాణు సిద్ధాంతం జాన్‌ డాల్టన్‌ గుర్తున్నాడా? ఆయనకీ ఈ లోపం ఉంది. తన చూపు గురించి తనే 1794లో ఓ వ్యాసం రాసి చదివాడు. ఆ చూపుతోనే కెమిస్ట్రీకి పునాది వేశాడు. ఆయన రైలింజన్‌ నడపడానికి పనికిరాడు. సైన్స్‌కి పనికొచ్చాడు.

ఇక్కడ విద్యార్థులు పట్టుకోవాల్సింది ఇదే. ‘రైల్వే మెడికల్‌’ అని ఒకటే ఉండదు. స్టేషన్‌ మాస్టర్‌కి ఏ2, ట్రెయిన్స్‌ క్లర్క్‌కి ఏ3, టికెట్‌ క్లర్క్‌కి బీ2, జూనియర్‌ క్లర్క్‌ కమ్‌ టైపిస్టుకి సీ2. సీ2లో కళ్లజోడు పెట్టుకోవచ్చు, రంగుల పరీక్ష ప్రస్తావనే లేదు. ఒకే మనిషి, ఒకే కళ్లు. ఒక పోస్టుకి అన్‌ఫిట్‌, పక్క పోస్టుకి ఫిట్‌. ఇది తెలియక లోకో పైలట్‌ పరీక్షకే మూడేళ్లు పెట్టి, చివర్లో చుక్కల బొమ్మ దగ్గర ఆగిపోయినవాడి నష్టం చూపు వల్ల వచ్చింది కాదు, నోటిఫికేషన్‌ అనుబంధం చదవకపోవడం వల్ల వచ్చింది.

రెండు జాబితాల మధ్య ఇరుక్కున్న డ్రైవర్‌

కొలత పెట్టినవాళ్లని ప్రశ్నించొచ్చా? ప్రశ్నించిన మనిషి ఒకరున్నారు. 2014లో ఆర్టీసీలో డ్రైవర్‌గా చేరారు. తర్వాత జరిగిన వైద్య పరీక్షలో రంగుల గుర్తింపు లోపం బయటపడింది. డ్రైవింగ్‌కి పనికిరారన్నారు. శ్రామిక్‌గానైనా పని ఇవ్వండని అడిగారు. 2016లో సంస్థ ఆయన్ని వైద్య కారణాలతో రిటైర్‌ చేసింది.

ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదని 1995 నాటి వికలాంగుల చట్టం చెప్పేది. కానీ ఆ చట్టంలో వైకల్యాలు ఏడే రకాలు. రంగుల గుర్తింపు లోపం అందులో లేదు. ఇంకేముంది, బస్సు నడపడానికేమో ఆయన ‘నార్మల్‌’ కాదు, చట్టం రక్షణ అడగడానికేమో ‘వికలాంగుడు’ కాదు! రెండు జాబితాలనీ రెండుచోట్ల వేర్వేరు మనుషులు తయారుచేశారు. మధ్యలో ఉన్న మనిషి ఎవరికీ కనబడలేదు.

ఆయన హైకోర్టుకి వెళ్లారు. ఒకసారి గెలిచారు, అప్పీలులో ఓడారు. సుప్రీంకోర్టుదాకా వెళ్లారు. 2025 ఆగస్టు 1న తీర్పు వచ్చింది. రంగుల గుర్తింపు లోపం ఉన్న డ్రైవర్లకి వేరే పని ఇవ్వాలని 1979లోనే సంస్థకీ కార్మికులకీ మధ్య ఒప్పందం ఉందని కోర్టు గుర్తుచేసింది. వేరే పోస్టు ఉందో లేదో వెతకకుండానే ఇంటికి పంపడం తప్పని చెప్పింది. తగిన ఉద్యోగం ఇవ్వాలనీ, ఆగిపోయిన జీతంలో 25 శాతం చెల్లించాలనీ ఆదేశించింది.

బస్సు స్టీరింగ్‌ ఇచ్చేయండని కోర్టు చెప్పలేదన్నది గమనించాలి. ప్రయాణికుల భద్రత కోసం పెట్టిన కొలతని ముట్టుకోలేదు. ‘డ్రైవర్‌గా పనికిరాడు’ అన్నదాన్ని ‘దేనికీ పనికిరాడు’ అని చదవడాన్నే తప్పుపట్టింది. ఈ తేడా పట్టుకోవడానికి ఆయనకి తొమ్మిదేళ్లు పట్టింది. మనం తొమ్మిది నిమిషాల్లో నేర్చుకోవచ్చు.

అంతకుముందు 2022 ఏప్రిల్‌లో పుణెలోని ఫిల్మ్‌ ఇన్‌స్టిట్యూట్‌ కేసులోనూ సుప్రీంకోర్టు ఇలాంటి మాటే చెప్పింది. రంగుల గుర్తింపు లోపం ఉందని ఎడిటింగ్‌ లాంటి కోర్సుల్లో సీటు నిరాకరించడం కుదరదంది. సినిమా ఒక్కరి పని కాదు, రంగుల దగ్గర సాయం తీసుకునే వీలుందన్నది అక్కడ పనిచేసిన తర్కం.

పైలట్‌ని కాదు, సీటుని మార్చారు

‘సగటు మనిషి’ అనే ఊహ ఎంత తేలిగ్గా బోల్తా కొట్టిస్తుందో చెప్పే పాత కథ ఒకటుంది. 1950లో అమెరికా వైమానిక దళం నాలుగు వేలకు పైగా పైలట్ల ఒళ్లు కొలిపించింది. కాక్‌పిట్‌ని సగటు పైలట్‌కి సరిపోయేలా తయారుచేద్దామని వాళ్ల ఆలోచన. గిల్బర్ట్‌ డేనియల్స్‌ అనే యువ లెఫ్టినెంట్‌ ఆ లెక్కలు చూశాడు. ఎత్తు, ఛాతీ, చేతి పొడవు లాంటి పది కొలతలు తీసుకుని, పదింటిలోనూ సగటుకి దగ్గరగా ఉన్నవాళ్లు ఎందరో వెతికాడు.

4,063 మందిలో ఒక్కడు కూడా లేడు!

చేతులు సగటుగా ఉన్నవాడికి కాళ్లు పొడుగు. కాళ్లు సరిపోయినవాడికి భుజాలు వెడల్పు. సగటు మనిషి కోసం చేసిన సీటు ఎవరి కోసమూ కాకుండా పోయింది. అప్పుడు వైమానిక దళం ఏం చేసింది? పైలట్లని మార్చలేదు. ముందుకీ వెనక్కీ జరిగే సీట్లు, సర్దుకునే బెల్టులు, పెడళ్లు పెట్టమని విమానాలు తయారుచేసేవాళ్లకి చెప్పింది. ఇవాళ మీ నాన్నగారి కారులో సీటు జరుపుకునేటప్పుడు మీకు వింతేమీ అనిపించదు. ఒకప్పుడు అదీ ‘కుదరదు’ అన్నదే.

పరీక్ష హాల్లో కూడా ఇలా సీటు జరిపిన సందర్భాలున్నాయి. రాస్తుంటే చెయ్యి బిగుసుకుపోయే సమస్య ఉన్న ఓ అభ్యర్థి సివిల్స్‌ పరీక్షకి సహాయకుడిని, అంటే స్క్రైబ్‌ని అడిగాడు. చట్టం చెప్పిన 40 శాతం వైకల్యం లేదని నిరాకరించారు. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. రిజర్వేషన్‌ పొందడానికి 40 శాతం హద్దు ఉండొచ్చు కానీ, రాయలేని మనిషికి రాసే సాయం ఇవ్వడానికి అదే హద్దు పెట్టడం తగదంది. తర్వాత 2022 ఆగస్టులో కేంద్రం ఇందుకు ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. ఇదంతా ఒక్క అభ్యర్థి ‘నాకు రాదు’ అని ఇంటికి వెళ్లిపోకుండా, ‘నాకు రాయడం కుదరదు, చెప్పడం వచ్చు’ అని పట్టుబట్టడం వల్ల.

చట్టమూ మారింది. 1995లో ఏడు రకాలుగా ఉన్న వైకల్యాల జాబితా 2016 చట్టంలో 21కి పెరిగింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం కోటా ఉంది. అంతకుముందు ‘బద్ధకం’, ‘మందమతి’ అని తిట్లు తిన్న పిల్లల్లో కొందరికి ఉన్నది చదవడంలో ఇబ్బంది కలిగించే డిస్లెక్సియా. ఇప్పుడది ఆ 21లో చోటు సంపాదించిన అభ్యసన వైకల్యాల్లో ఒకటి.

మనవాళ్లే దాటిన గీతలు

రావులపాలెం కోనసీమకి ఈ చివరైతే, మలికిపురం ఆ చివర, సముద్రం వైపు. ఆ మండలం నుంచి వచ్చిన కట్టా సింహాచలం సివిల్స్‌లో 457వ ర్యాంకు తెచ్చుకుని ఐఏఎస్‌ అయ్యారు. ఆయనకి చూపు లేదు. కళ్లు కనిపించని మనిషి ఫైళ్లు ఎలా చదువుతాడు అన్నది పాత ప్రశ్న. ఫైలుని కంప్యూటర్‌ చదివి వినిపిస్తుంది. నిర్ణయం తీసుకునేది బుర్ర.

కృష్ణా జిల్లా మచిలీపట్నం దగ్గరి సీతారామపురం నుంచి వచ్చిన బొల్లా శ్రీకాంత్‌ సంగతి సినిమాగా కూడా చూశారు. పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్స్‌ చదువుతానంటే నిబంధనలు ఒప్పుకోవన్నారు. కోర్టుకి వెళ్లి సీటు తెచ్చుకున్నారు. ఇంటర్‌లో 98 శాతం మార్కులు సాధించి, అమెరికాలోని ఎంఐటీలో చదివి, 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్‌ ఇండస్ట్రీస్‌ మొదలుపెట్టారు. అక్కడ ఎందరో దివ్యాంగులకి ఉద్యోగాలిచ్చారు. ‘సైన్స్‌ చదవలేడు’ అన్న గీత గీసినవాళ్లు చెడ్డవాళ్లేమీ కాకపోవచ్చు. చూపులేని పిల్లాడు ప్రయోగాలు ఎలా చేస్తాడని వాళ్లెప్పుడూ ఆలోచించి ఉండరు, అంతే. చాలా గీతలు ఇలాగే పుడతాయి.

వీళ్లని చూసి అందరూ ఐఏఎస్‌లు, కంపెనీ యజమానులు అయిపోవాలని చెప్పడం లేదు. అలా అనుకుంటే అదీ ఇంకో రకం కొలతే అవుతుంది. ఇద్దరూ చేసిన ఒక చిన్న పని చూడమంటున్నాం. తమకి చెప్పిన ‘కుదరదు’ అన్నది నిజంగా పనికి సంబంధించినదా, లేక అలవాటుగా వస్తున్నదా అని చూసుకున్నారు.

నలుగురి కొలత

ఇక మూడోది. దీనికి నోటిఫికేషన్‌ ఉండదు, అప్పీలూ ఉండదు. ‘ఏరా అబ్బాయ్‌, ఇంకా ప్రిపేరవడమేనా?’ ‘మా చెల్లెలి కొడుకు నీ ఈడువాడే, అప్పుడే కారు కొన్నాడు.’ ‘ఇరవై ఆరొచ్చాయి, పిల్లకి ఇంకా ఉద్యోగం అంటారేంటండీ?’ పెళ్లిభోజనంలో అరటాకు ముందు కూర్చుంటే చాలు, రెండు వైపుల నుంచీ వడ్డిస్తారు. అన్నది ప్రేమతోనే కావచ్చు. తగిలేది మాత్రం తగులుతుంది.

ఈ నలుగురి కొలత ఎంత గట్టిదో గోదావరి జిల్లాల వాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియకపోవచ్చు. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని చట్టం 1856లోనే వచ్చింది. పాతికేళ్లు గడిచినా ఇక్కడ ఒక్క పెళ్లి జరగలేదు. చట్టం ఒప్పుకున్నా నలుగురూ ఒప్పుకోలేదు మరి. పసితనంలో భర్త పోయిన ఆడపిల్ల తల గొరిగించుకుని మూల కూర్చోవడమే అప్పటి ‘నార్మల్‌’. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. వెలివేశారు. వంటమనిషి మానేసింది, నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొచ్చారు. ఆ రోజుల్లో ఆయన వెంట నిలబడ్డవాళ్లలో కాలేజీ విద్యార్థులు ఉన్నారు. మీ వయసువాళ్లే.

ఇవాళ ఆ పెళ్లిని వింతగా చూసేవాళ్లు లేరు. వింతైంది అప్పటి నలుగురి మాటే. పుర్రచేత్తో రాస్తే వేళ్ల మీద కొట్టిన రోజుల్ని మీ అమ్మమ్మని అడిగితే చెబుతుంది. పదిమందిలో ఒకరికి ఉండే వాటం అది. స్వలింగ ఆకర్షణని మానసిక వ్యాధుల జాబితాలోంచి అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లో తీసేసింది. మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న దాన్ని నేరాల జాబితాలోంచి తీసేసింది. మనుషులు మారలేదు. జాబితాలు మారాయి.

మానసిక ఆరోగ్యం విషయంలో మన చట్టం ఇంకో మంచి మాట చెప్పింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మూడో సెక్షన్‌ చదవండి. చుట్టూ ఉన్నవాళ్ల నీతి, సంఘం, సంస్కృతి, పని, రాజకీయాలు, మతం వంటి విలువలకి తగ్గట్టు ఒక మనిషి నడుచుకోనంత మాత్రాన అతనికి మానసిక వ్యాధి ఉందని తేల్చకూడదు. ‘అందరిలా లేడు’ అన్నది జబ్బుకి రుజువు కాదని చట్టంలోనే రాసిపెట్టారు. ఒకప్పుడు చికిత్స తీసుకున్నారన్న ఒక్క కారణంతో ఇప్పుడూ జబ్బు ఉందని నిర్ణయించకూడదని కూడా అదే సెక్షన్‌ చెబుతోంది.

దీనికి రెండో వైపు ఉంది. నెలల తరబడి నిద్ర పట్టకపోవడం, పుస్తకం తెరిస్తే కన్నీళ్లు రావడం, బతకాలనిపించకపోవడం... వీటిని ‘ప్రిపరేషన్‌లో ఇవన్నీ నార్మలే’ అని దాచుకునేవాళ్లూ ఉన్నారు. నలుగురి కొలత ఇక్కడ కూడా మోసం చేస్తుంది. రూమ్‌లో నలుగురూ అలాగే ఉంటే అది మామూలైపోదు. కొలత కావాల్సింది ఇక్కడే. 14416 నంబరుకి ఫోన్‌ చేయండి. టెలి మానస్‌ అనే ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. పగలైనా రాత్రైనా తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు అక్కర్లేదు.

అడగాల్సిన మూడు ప్రశ్నలు

ఇంగ్లిష్‌లో ‘నార్మల్‌’ అనే మాటకి మూలం లాటిన్‌లో వడ్రంగి వాడే మూలమట్టం. తలుపు చట్రం సరిగ్గా కుదరాలంటే ఆ పనిముట్టు కావాలి. దానితో కొబ్బరిచెట్టుని కొలిచి ‘వంకర’ అంటే తప్పు చెట్టుది కాదు. ఎవరైనా మీ ముందు ఏ కొలత పెట్టినా ఈ మూడూ అడగండి. ఎవరు పెట్టారు? ఏ పనికోసం పెట్టారు? మార్చడానికో, అప్పీలు చేయడానికో దారి ఉందా?

లోకో పైలట్‌కి రంగుల పరీక్ష పెట్టింది రైల్వే, ప్రయాణికుల కోసం పెట్టింది. ఒప్పుకుని వేరే పోస్టు చూసుకోవాలి. స్క్రైబ్‌ని ఇవ్వకపోవడం పనికి సంబంధం లేనిది. పోరాడాలి. ‘ఈ వయసుకి సెటిల్‌ అవ్వాలి’ అన్నది ఎవరు పెట్టారో పెట్టినవాళ్లకే తెలియదు. నవ్వి, ఇంకో గరిటె పప్పు వేయించుకోవాలి.

ఇవి ఇప్పుడే చేయండి

• డిగ్రీ రెండో ఏడాదిలోనే కంటిచూపు, రంగుల గుర్తింపు, ఎత్తు, ఛాతీ కొలతలు చూపించుకోండి. ప్రభుత్వాసుపత్రి కంటి విభాగంలో చుక్కల బొమ్మల పరీక్షకి కొన్ని నిమిషాలు చాలు.

• నోటిఫికేషన్‌లో సిలబస్‌ కన్నా ముందు వైద్య ప్రమాణాల అనుబంధం చదవండి. ఏ పోస్టుకి ఏ ప్రమాణమో రాసిపెట్టుకుని, ప్రాధాన్య క్రమం దానికి తగ్గట్టు ఇవ్వండి.

• యూనిఫాం సర్వీసులకో, లోకో పైలట్‌కో వెళ్లాలనుకుంటే లేసిక్‌ చేయించుకునే ముందే నిబంధన చూసుకోండి.

• వైకల్యం ఉంటే సదరం సర్టిఫికెట్‌ ముందే తీసుకోండి. పరీక్ష తేదీ ప్రకటించాక పరుగులు పెట్టొద్దు. స్క్రైబ్‌, అదనపు సమయం కావాలంటే దరఖాస్తులోనే అడగాలి.

• మెడికల్‌లో ‘అన్‌ఫిట్‌’ అంటే ఏ కారణంతో అన్నారో రాతపూర్వకంగా తీసుకోండి. అప్పీలు గడువు కొద్ది రోజులే ఉంటుంది, వెంటనే చూసుకోండి.

• ‘అన్‌ఫిట్‌’ అన్న మాట పక్కన ‘ఫలానా పోస్టుకి’ అని మీ చేత్తో రాసుకోండి. పూర్తి వాక్యం అదే.